బంతి రాకముందే చూసే కన్ను

శుక్రవారం తెల్లవారేసరికి కువైట్‌లో అబ్బాసియా, ఫహాహీల్, మంగాఫ్ వైపు ఖాళీ ఇసుక నేలల మీద వికెట్లు లేస్తాయి. వారమంతా కారు నడిపినవాళ్ళు, ఇళ్ళల్లో వంట చేసినవాళ్ళు, దుకాణాల్లో నిలబడినవాళ్ళు, చమురు కంపెనీల కాంట్రాక్టు పనుల్లో ఎండకు మాడినవాళ్ళు అక్కడ జట్లు కడతారు. వాళ్ళలో చాలామందికి దొరికే సెలవు ఆ ఒక్కరోజే. రాజంపేట, రాయచోటి, కోనసీమ కుర్రాళ్ళ పక్కన మలయాళీలు, పాకిస్తానీలు, శ్రీలంక వాళ్ళు ఉంటారు. బంతి టెన్నిస్ బంతి. ఆట మాత్రం పట్టుదలగా సాగుతుంది.

ఈమధ్య ఈ మైదానాల అంచున బ్యాట్ల సంచీ పక్కన కెమెరా సంచీ కూడా కనిపిస్తోంది. నెలల తరబడి మిగిల్చిన దినార్లతో కొన్న కెమెరా, దానికో పొడవాటి లెన్స్. ఆట అయ్యాక గదికి వెళ్ళి చూసుకుంటే మూడువందల ఫోటోలు ఉంటాయి. చాలావాటిలో బ్యాటు ఊపు అయిపోయి ఉంటుంది, బంతి ఎక్కడా కనపడదు. ఇక్కడే చాలామందికి క్రీడా ఫోటోగ్రఫీ వర్క్‌షాప్ ఆలోచన వస్తుంది. ఒకటి రెండు రోజులు ఎవరైనా అనుభవజ్ఞుడి దగ్గర కూర్చుంటే కెమెరాలో ఏ బొత్తాం ఎక్కడ తిప్పాలో తెలుస్తుందని, అప్పుడు బంతి దొరుకుతుందని ఆశ.

ఆశలో తప్పులేదు. కాని బంతి దొరకకపోవడానికి అసలు కారణం బొత్తాం దగ్గర లేదు. అదేమిటో తెలిసి వెళ్ళినవాడికీ తెలియక వెళ్ళినవాడికీ ఆ రెండు రోజుల్లో చిక్కే ఫలితం వేరువేరుగా ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. గట్టిగా వేసే బౌలర్ చేతినుంచి టెన్నిస్ బంతి గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వచ్చిందనుకుందాం. అంటే సెకనుకు 30 మీటర్లు. బౌలర్ చేతికీ బ్యాటుకీ మధ్య దూరం సుమారు 18 మీటర్లు కనుక ప్రయాణం ఆరు పదోవంతుల సెకనులో ముగుస్తుంది. కంటికి కనపడినదాన్ని మెదడు గుర్తించి వేలిని కదిలించేసరికి మామూలు మనిషికి దాదాపు 0.2 సెకను పడుతుంది. ఆలోగా బంతి 6 మీటర్లు ముందుకు పోతుంది. బ్యాటుకు బంతి తగిలినట్టు కన్ను చెప్పాక నొక్కితే, షట్టర్ తెరుచుకునేసరికి బంతి చట్రంలోంచి వెళ్ళిపోయి ఉంటుంది. ఆ ఫోటోగ్రాఫర్ బద్ధకస్తుడేమీ కాదు. అతని నరాల్లో వార్త నడిచే వేగమే అంత.

షట్టర్ వేగం సంగతి ఇక్కడ కలుస్తుంది. సెకనులో 250వ వంతు తెరిచి ఉంచితే అడ్డంగా పోయే ఆ బంతి 12 సెంటీమీటర్లు కదిలి, ఫోటోలో పొడవాటి పసుపు చారలా పడుతుంది. టెన్నిస్ బంతి వ్యాసం 6.7 సెంటీమీటర్లే మరి. 1000వ వంతులో 3 సెంటీమీటర్లు కదులుతుంది, కోడిగుడ్డులా సాగుతుంది. 2000వ వంతులో సెంటీమీటరున్నర. అక్కడికి గుండ్రంగా కనపడడం మొదలవుతుంది. ఈ లెక్క కాగితం మీద ఒక్కసారి వేసుకున్నవాడికి ఏ ఆటకు ఏ వేగం పెట్టాలో బట్టీ పట్టే పని తప్పుతుంది. పరుగెత్తే మనిషికి, ఎగిరే బంతికి, దూకే గుర్రానికి ఎవరి లెక్క వారిదే.

మరి సెకనుకు 20 ఫోటోలు తీసే కెమెరా ఉందిగా, నొక్కి పట్టుకుంటే సరిపోదా? ప్రతి వర్క్‌షాప్‌లోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. రెండు ఫోటోల మధ్య 50 మిల్లీసెకన్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో బంతి ఒకటిన్నర మీటరు ప్రయాణిస్తుంది. మెత్తటి టెన్నిస్ బంతి బ్యాటుకు అంటుకుని ఉండేది మూడు నాలుగు మిల్లీసెకన్లు. అంటే నొక్కి పట్టుకున్నా ఆ తాకిడి క్షణం చిక్కే అవకాశం సుమారు పదిహేనింట ఒకటి. తోలుబంతి బ్యాటుమీద నిలిచేది ఒక్క మిల్లీసెకనే, అక్కడ అవకాశం యాభైలో ఒకటికి పడిపోతుంది. 2023 నవంబరులో సోనీ ప్రకటించిన ఏ9-III కెమెరా సెకనుకు 120 ఫోటోలు తీస్తుంది. దానితో కూడా తోలుబంతి తాకిడి ఎనిమిదింట ఒకసారే దొరుకుతుంది. యంత్రం అదృష్టాన్ని పెంచగలదు, అంతే.

అయితే బ్యాట్స్‌మన్ మాత్రం అదే బంతిని ఎలా కొడుతున్నాడు? అతని నరాలూ మనవంటివే కదా!

ఈ ప్రశ్నకు మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియాడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2000లో ఒక జవాబు ప్రచురించారు. బ్యాట్స్‌మన్ తలకు కంటి కదలికలను నమోదుచేసే చిన్న కెమెరా కట్టి, బౌలింగ్ యంత్రంతో బంతులు వేయించారు. బంతిని అతను మొదటినుంచి చివరిదాకా చూపుతో వెంబడించడం లేదని తేలింది. బంతి యంత్రం నుంచి విడిపోయే క్షణాన్ని చూస్తాడు. వెంటనే చూపును ఒక్క గెంతులో బంతి నేలను తాకబోయే చోటుకు పంపి, అక్కడ కాచుకుని ఉంటాడు. బంతి వచ్చి పడి లేచాక కాసేపు మళ్ళీ వెంబడిస్తాడు. మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ ఉన్న తేడా ఆ గెంతు ఎంత తొందరగా వేశాడన్నదే. కన్ను బంతి కంటే ముందు వెళ్ళి దారికాస్తోంది.

క్రీడా ఫోటోగ్రాఫర్ నేర్వవలసిన విద్యంతా ఈ ఒక్క ప్రయోగంలో ఉంది. బౌలర్ భుజం తిరిగే తీరు, బ్యాట్స్‌మన్ వెనక కాలు కదిలిన దిక్కు, వికెట్ కీపర్ ఒక అడుగు పక్కకు జరగడం, ఇవన్నీ జరగబోయేదాని ముందస్తు కబుర్లు. వాటిని చదివి బంతి ఇంకా దారిలో ఉండగానే నొక్కినవాడికి ఫోటో దొరుకుతుంది. కడప జిల్లా తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగినవాడిని అడిగితే, ఎద్దు మెడ వంచిన తీరు చూసే ఇప్పుడు బండ కదులుతుందని చెబుతాడు. అతని దగ్గర ఆ కన్ను ముందే ఉంది. కెమెరా వెనక దాన్ని వాడుకోవాలని ఎవరూ చెప్పలేదు, అంతే.

చూపు గురించిన ఈ సంగతి పూర్తిగా కొత్తదేమీ కాదు. కువైట్‌కు ఉత్తరాన, ఇరాక్ సరిహద్దు దాటగానే బస్రా నగరం ఉంది. ఇబ్న్ అల్ హైథమ్ పుట్టింది అక్కడే, దాదాపు 965లో. చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వెలుగు వచ్చే తీరును పరీక్షించి, వస్తువు నుంచి కంటిలోకి వెలుగు రావడం వల్లనే చూపు కలుగుతుందని నిలబెట్టిన మనిషి ఆయన. కెమెరా అనే ఆలోచనకు ఆ చీకటి గది పూర్వజన్మ. ఆయన ఇంకొక మాట కూడా చెప్పాడు: మనం చూశామనుకునేదానిలో చాలా భాగం పాత అనుభవం ఆధారంగా మెదడు చేసే నిర్ణయమని, అది ఎంత వేగంగా జరుగుతుందంటే జరిగినట్టే మనకు తెలియదని. ఆయన ‘కితాబ్ అల్ మనాజిర్’లో చూపును గురించిన మొదటి మూడు భాగాల అరబిక్ మూలాన్ని ఎ.ఐ. సబ్రా పరిష్కరించగా, 1983లో అచ్చువేసింది కువైట్ జాతీయ సాంస్కృతిక మండలే. వెయ్యేళ్ళనాటి ఆ మాటకూ, బ్యాట్స్‌మన్ తలమీద కట్టిన కెమెరా చెప్పినదానికీ పెద్ద దూరం లేదు.

కాబట్టి వర్క్‌షాప్‌కు వెళ్ళేవాడు మొదటి పని ఇంటిదగ్గరే చెయ్యాలి. కెమెరా పుస్తకం చదివి, షట్టర్ ఎక్కడ మారుతుందో, ఫోకస్ ఎలా వెంబడిస్తుందో ముందే చేతికి అలవాటు చేసుకోవాలి. పుస్తకంలో దొరికే సమాచారం కోసం గురువు సమయాన్ని ఖర్చుపెట్టడం అన్యాయం. పాడైన ఫోటోలు ఓ పది సంచీలో పెట్టుకు వెళ్ళాలి. మంచివి చూపించి మెప్పు పొందాలన్న కోరిక అందరికీ ఉంటుంది. నేర్పేవాడికి మాత్రం పాడైనవే ఎక్కువ పనికొస్తాయి, రోగం దాచిన రోగికి వైద్యుడు ఏం చేయగలడు?

తరగతిలో తెరమీద వచ్చిన ప్రతిదాన్నీ ఫోన్‌తో ఫోటో తీసే అలవాటు ఇప్పుడు అంతటా ఉంది. లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఒక మ్యూజియంలో చేసి 2014లో ప్రచురించిన ప్రయోగం దీనికి సంబంధించినదే. ఊరికే చూసిన వస్తువుల కంటే, ఫోటో తీసిన వస్తువులు జనానికి తక్కువ గుర్తున్నాయి. కెమెరా దాచుకుందిలే అని మెదడు వదిలేస్తుంది. ఆ ప్రయోగంలోనే ఇంకో సంగతి బయటపడింది. వస్తువులో ఒక భాగాన్ని ఎంచుకుని దగ్గరగా తీసినవారికి జ్ఞాపకం చెదరలేదు. ఏది ముఖ్యమో తేల్చుకోవడానికి శ్రద్ధ కావాలి, ఆ శ్రద్ధే గుర్తును నిలుపుతుంది. అందువల్ల తరగతిలో చేత్తో రాసుకున్న నాలుగు వాక్యాలు ఫోన్‌లోని నలభై బొమ్మల కంటే విలువైనవి.

వర్క్‌షాప్‌లో అన్నిటికంటే విలువైన గంట మైదానంలో గడిపేది కాదు. తిరిగి వచ్చాక ఒక్కొక్కరి ఫోటోలు తెరమీద వేసి, ఇది ఎందుకు తప్పింది, రెండడుగులు ఎడమకు జరిగి ఉంటే ఏమయ్యేది అని గురువు విడమరిచే గంట అది. చాలామంది తమ వంతు అయిపోగానే ఫోన్ చూసుకుంటారు, లేదా టీకి లేస్తారు. పక్కవాడి తప్పు మన తప్పే. అదే మైదానం, అదే ఆట, అదే వెలుగు, నిలబడిన చోటు మాత్రం వేరు. పదిమంది ఫోటోలు వరసగా చూస్తే పది చోట్లనుంచి ఆ ఆట చూసినట్టే. మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసి 1993లో ప్రచురించిన పరిశోధన కూడా లోపాన్ని ఎంచుకుని పనిగట్టుకుని చేసే సాధనకే పట్టం కట్టింది.

ఇక కువైట్ వెలుగు. ఇది వేరే ఊళ్ళో రాసిన పాఠాల్లో దొరకదు.

కువైట్ నగరం ఉత్తర అక్షాంశం 29.4 డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబరు మూడోవారంలో అక్కడ నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజం నుంచి 37 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. అదేరోజు కడపలో 52 డిగ్రీలు. అంటే కువైట్ శీతాకాలంలో మధ్యాహ్నం పన్నెండింటికి కూడా మనిషి నీడ అతని ఎత్తుకంటే పొడవుగా ఉంటుంది, వెలుగు టోపీ అంచు కిందకు దూరి ముఖం మీద పడుతుంది. ఆటగాడి కళ్ళు కనపడతాయి. మన ఊళ్ళలో ఉదయం, సాయంత్రం మాత్రమే దొరికే వెలుగు అక్కడ దాదాపు రోజంతా ఉంటుంది. జూన్‌లో ఇదంతా తలకిందులు: సూర్యుడు 84 డిగ్రీలకు, అంటే ఇంచుమించు నడినెత్తికి చేరతాడు, టోపీ కింద ముఖం నల్లటి మచ్చవుతుంది. ఆ నెలల్లో పగలు ఆరుబయట ఆటే అపాయం. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించడాన్ని అక్కడి ప్రభుత్వం నిషేధించింది. 2016 జులై 21న మిత్రిబాలో నమోదైన 53.9 డిగ్రీలను ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ధ్రువీకరించింది. వర్క్‌షాప్‌లో చేరేవాళ్ళు నవంబరు మార్చి మధ్యలో జరిగేదాన్ని ఎంచుకోవడం మంచిది.

వేడి ఇంకొక మాయ కూడా చేస్తుంది. కాలిన ఇసుక పక్కనున్న గాలి పలచనై పైకి లేస్తుంది, పైనున్న చల్లగాలి దిగుతుంది. ఒక్కో పొర వెలుగును ఒక్కో కోణంలో వంచుతుంది. ఎండమావులు పుట్టేది ఇందుకే. 400 మిల్లీమీటర్ల లెన్స్ పట్టుకుని నేలమీద బోర్లా పడుకుని దూరపు ఆటగాడిని తీస్తే, అతనికీ మనకూ మధ్య ఈ వణికే గాలి మొత్తం ఉంటుంది. ఫోటో మసకబారుతుంది. లెన్స్ చెడిందనుకుని దుకాణానికి పట్టుకెళ్ళినవాళ్ళున్నారు. దగ్గరకు జరగడం, కాస్త ఎత్తు మీద నిలబడడం, పొద్దున్నే తీయడం తప్ప దానికి మందులేదు. పెద్ద లెన్సులకు కెనాన్ తెల్లరంగు వేయడం కూడా లోపలి గాజుకు ఎండ తగ్గించడానికే.

ఆగస్టు చివర, సెప్టెంబరులో సముద్రపు తేమ ఊళ్ళోకి వస్తుంది. చల్లటి కారులోంచి దిగి సంచీ తెరవగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు చెమట పట్టినట్టే. తుడిస్తే మళ్ళీ పడుతుంది. సంచీని ఏసీ తగలని డిక్కీలో పెట్టి తేవాలి, లేదా తెరవకుండా అరగంట బయట ఉంచాలి. వాయవ్యం నుంచి షమాల్ గాలి లేచినరోజు మైదానంలో లెన్స్ మార్చకూడదు. ఆ మెత్తటి దుమ్ము సెన్సర్ మీద చేరితే ప్రతి ఫోటోలోనూ ఒకేచోట మచ్చ.

రాత్రి ఆటల లెక్క వేరు. జాబర్ అల్ అహ్మద్ అంతర్జాతీయ స్టేడియంలో 2023 నవంబరు 16 రాత్రి భారత్, కువైట్ ఫుట్‌బాల్ ప్రపంచకప్ అర్హత మ్యాచ్ ఆడాయి. 75వ నిమిషంలో చాంగ్తే పంపిన బంతిని మన్వీర్ సింగ్ గోలులోకి కొట్టాడు. భారత్ 1-0తో గెలిచింది. అలా అంతర్జాతీయ ప్రసారాలకు తగిన మైదానంలో ఆటగాడి మీద పడే వెలుగు సుమారు 2,000 లక్సులు. మండే ఎండ లక్ష లక్సులు. మన కన్ను సర్దుకుంటుంది కనుక రాత్రి కూడా పట్టపగల్లా అనిపిస్తుంది, కెమెరాకు మాత్రం వెలుగు యాభయ్యో వంతుకు తగ్గింది. అందుకే అక్కడ ఎపర్చర్ పూర్తిగా తెరిచి, సెన్సర్ సున్నితత్వాన్ని తెలిపే ఐఎస్‌ఓను బాగా పెంచక తప్పదు. చిన్న మైదానాల్లో ఇంకా ఎక్కువ పెంచాలి. చాలా చిన్న మైదానాల పాత దీపాలకు మరో గుణం ఉంది. కువైట్ కరెంటు, మన కరెంటులాగే, 50 హెర్ట్‌జ్. దీపం సెకనుకు వందసార్లు వెలిగి మందగిస్తుంది. 1000వ వంతు సెకను షట్టర్ ఆ ఊపులో పదోవంతునే పట్టుకుంటుంది. అందుకే వరస ఫోటోల్లో ఒకటి ప్రకాశంగా, మరొకటి పసుపుగా, ఇంకోటి చీకటిగా వస్తాయి. కెమెరాలో ఫ్లికర్ తగ్గించే ఏర్పాటు ఉంటే, అది దీపం పైకి లేచిన క్షణం కోసం కాచుకుని షట్టర్ తెరుస్తుంది.

క్రికెట్, ఫుట్‌బాల్‌తోనే ఆగిపోతే కువైట్‌లో ఉండి కువైట్‌ను చూడనట్టే. ఎడారిలో ఒంటె పందేలు జరుగుతాయి. ఒకప్పుడు గల్ఫ్‌లో ఒంటెల మీద చిన్నపిల్లలను కూర్చోబెట్టేవారు. ఆ అన్యాయం మీద ప్రపంచమంతా గొంతెత్తాక, 2005 ప్రాంతంలో వాళ్ళ స్థానంలో చిన్న రోబోలు వచ్చాయి. యజమానులు పక్కనే కార్లలో పరుగుతీస్తూ రిమోట్‌తో వాటిని నడుపుతారు. గంటకు 40 కిలోమీటర్లతో పోయే ఒంటెను 60వ వంతు సెకనులో, దానితోపాటే కెమెరాను తిప్పుతూ తీస్తే, ఒంటె తల నిలకడగా, కాళ్ళు మసకగా, వెనక ఎడారి చారలుగా వస్తాయి. వేగాన్ని ఆపి చూపడం ఒక విద్య, వేగాన్ని వేగంగానే చూపడం ఇంకో విద్య. రెండోది చేతికి రావాలంటే కనీసం వందసార్లు చెడగొట్టాలి.

షూటింగ్ కువైట్‌కు పేరు తెచ్చిన క్రీడ. తుపాకి మోగాక గుళ్ళు ముప్పై అయిదు మీటర్ల దూరంలోని మట్టిబిళ్ళను చేరడానికి దాదాపు పదోవంతు సెకను చాలు. మోత విని నొక్కితే అప్పటికే బిళ్ళ పగిలి ఉంటుంది. దుమ్ము ఇంకా గాలిలో ఉంటుంది కనుక ఏదో ఒక ఫోటో వస్తుంది. కాని 2016 ఆగస్టు 10న రియోలో ఫెహైద్ అల్ దీహానీ డబుల్ ట్రాప్ స్వర్ణం గెలిచినప్పుడు, ఆ కథకు ప్రాణమైన ఫోటో దుమ్ములో లేదు. కువైట్ ఒలింపిక్ సంఘం అప్పుడు సస్పెన్షన్‌లో ఉంది. అతను స్వతంత్ర క్రీడాకారుడిగా ఆడాడు. స్వర్ణం గెలిచాక పైకి లేచింది ఒలింపిక్ జెండా, మోగింది ఒలింపిక్ గీతం. తన దేశపు జెండా లేని వేదిక మీద నిలబడ్డ ఆ మనిషి ముఖం కోసం లెన్స్ సిద్ధం చేసుకున్నవాడు వార్తలు చదివి వచ్చినవాడే అయి ఉంటాడు.

1982 జూన్ 21న స్పెయిన్‌లోని వల్లాడోలిడ్‌లో కువైట్, ఫ్రాన్స్ ప్రపంచకప్ ఆట కూడా అలాంటిదే. ఫ్రాన్స్ గోలు కొట్టింది. అంతకుముందు జనంలోంచి విజిల్ వినపడి తాము ఆగిపోయామని కువైట్ ఆటగాళ్ళు మొరపెట్టారు. కువైట్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు షేక్ ఫహద్ అల్ అహ్మద్ అరబ్బుల పొడవాటి అంగీ దిష్‌దాషాతో మైదానంలోకి దిగి వచ్చాడు. రిఫరీ గోలు రద్దుచేశాడు. ఫ్రాన్స్ చివరకు 4-1తో గెలిచినా, ఈ రోజుకీ జనం చూసేది ఆటగాళ్ళ మధ్య నిలబడ్డ ఆ దిష్‌దాషా మనిషి ఫోటోనే. ఆట ఆగగానే కెమెరా దించేవాడికి అది దక్కదు.

అనుమతి సంగతి చిన్నదే అయినా విడిచిపెట్టేది కాదు. 2010లో కువైట్‌లో డీఎస్ఎల్ఆర్ కెమెరాలను బహిరంగ స్థలాల్లో నిషేధించారని అక్కడి ఒక ఆంగ్ల పత్రిక రాయగా ప్రపంచమంతా పాకింది. తర్వాత ఆ పత్రికే వార్త తప్పని ఒప్పుకుంది. నిషేధం లేదు కదా అని ఎక్కడపడితే అక్కడ కెమెరా ఎత్తడం మాత్రం తగదు. సైనిక స్థావరాలు, చమురు కేంద్రాల వైపు లెన్స్ తిప్పకూడదు. స్త్రీలను, కుటుంబాలను అడగకుండా తీయకూడదు. బతాకా, అంటే గుర్తింపు కార్డు, జేబులో ఉండాలి. స్టేడియంలోకి నిర్వాహకుల అనుమతితోనే వెళ్ళాలి. అకామా (నివాస అనుమతి) మీద బతికే మనిషికి ఒక్క ఫోటో కోసం ఉద్యోగం పోగొట్టుకునే స్తోమత ఉండదు.

వర్క్‌షాప్ అయిపోయిన మర్నాటి నుంచి నేర్చుకున్నది జారిపోవడం మొదలవుతుంది. అందుకే ఇది చదువుతూ కువైట్‌లో ఉన్న పాఠకులకు ఒక విన్నపం. వచ్చే నవంబరులో ఒకే ఒక్క శుక్రవారం జట్టును ఎంచుకోండి. మార్చి దాకా ప్రతివారం వాళ్ళ ఆటే తీయండి. నాలుగో వారానికి ఆ బౌలర్ భుజం ఎప్పుడు తిరుగుతుందో మీ వేలికి తెలుస్తుంది. ఆ కుర్రాళ్ళ ఆట ఏ పత్రికలోనూ రాదు. ఋతువు ముగిసేనాటికి ఒక్కొక్కరికీ తన మంచి ఫోటో ఒకటి అచ్చువేయించి చేతికివ్వండి. సెలవు మీద ఊరికి వెళ్ళేటప్పుడు వాళ్ళు దాన్ని తప్పకుండా పెట్టెలో పెట్టుకుంటారు.